ఆరాక లేచే వంపు

మొన్న శుక్రవారం మా మనవరాలు ఉంగరాల జుట్టును నిటారుగా సాఫు చేయించుకుంటానంటే తోడుగా జూబ్లీ హిల్స్‌లో ఒక సెలూన్‌కు వెళ్లాను. గాజు తలుపు తీయగానే రెండు వాసనలు తగిలాయి. ఒకటి ఈక కాలినట్టు, రెండోది కోడిగుడ్డు కుళ్లినట్టు. పిల్ల ముక్కు మూసుకుంది. నేను ఇంకాస్త లోపలికి పీల్చాను. "అమ్మమ్మా, గిట్ల వాసన జూస్తరా ఎవరన్న?" అంది. ఆ రెండు వాసనల మధ్య నేను పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. వసుంధర గారు ఎవరో ఆ పిల్లకు తెలియదు. ఇది ఆవిడ కోసం రాస్తున్నది.

ఆవిడది కోస్తా. కొన్నాళ్లు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి, పెళ్లయ్యాక మద్రాసులో భర్తతో కలిసి సినిమాలకు విగ్గులు కట్టేవారు. భర్త పోయాక, పరిశ్రమ ఇటు తరలి వస్తుంటే తనూ వచ్చి ఫిల్మ్ నగర్‌లో విగ్గుల కొట్టుకూ కార్ఖానాకూ కలిపి ఒక షెడ్డు కిరాయికి తీసుకున్నారు. లెక్కలు రాసే మనిషి కావాలని తెలిసి నేను షేక్‌పేట నుంచి నడిచి వెళ్లాను. నాకప్పుడు ముప్పై ఒకటి. ఆవిడ నా సర్టిఫికెట్లు విప్పనైనా లేదు.

"నూరు పూసలు ఒకదానికొకటి తగిలిస్తే ఎన్ని అతుకులమ్మా?"

"వరుసల అయితె తొంభై తొమ్మిది మేడమ్. చుట్టు తిప్పి కలిపితె నూరు."

"నలుగురిని అడిగాను. నలుగురూ నూరే అన్నారు. రేపట్నించి రా సత్తెమ్మా."

అది ఉద్యోగం కోసం అడిగిన పొడుపు కథ అనుకున్నాను. కాదు. వారం తిరక్కముందే ఆవిడ ఒక వెంట్రుకను వెలుగుకు ఎత్తిపట్టి, ఇది కూడా పూసల దండేనన్నారు. పూసలు ఇరవై రకాలు, పేరు అమైనో ఆమ్లాలు. రెండు కలిసే చోట ఒక నీటి అణువు బయటికి పోతుంది. "తొంభై తొమ్మిది అతుకులంటే తొంభై తొమ్మిది నీళ్లు పోయినట్టు. తిరిగి విడగొట్టాలంటే అన్ని నీళ్లూ లెక్కకు లెక్క తిరిగివ్వాలి. నీకు నచ్చుతుందిలే ఈ వ్యాపారం" అన్నారు. నిజంగానే నచ్చింది. ఎక్కడా పైసా తేడా రాని లెక్క అది.

మాకు వచ్చే సరుకు గుడి వేలంలో కొన్న తలనీలాలు. మధ్యలో దళారులు నైలాన్ కలిపేవారు. ఆవిడ ప్రతి కట్ట నుంచీ నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించేవారు. ఈక కాలిన వాసన వస్తే మాంసకృత్తు, అంటే మనిషి జుట్టు. ముద్దగా కరిగితే నైలాన్. ఒకసారి నేను విగ్గు అడుగున వేసే నూలు వల ముక్కను అంటించి చూశాను. కాగితం కాలిన వాసన. "అది చక్కెర పూసల దండ. నీ పొద్దుటి అన్నంలో గంజి కూడా అదే చక్కెర. తగిలించిన తీరు వేరు, అంతే. అందుకే గంజి తాగుతాం, నూలు చీర కట్టుకుంటాం" అన్నారు. ఆ రోజు నుంచి అన్నం వార్చినప్పుడల్లా నా చీర కొంగు ఒకసారి చూసుకునే అలవాటయింది.

ఆవిడ జుట్టు గురించి చెప్పాలి. నుదుటికి ఎడమ పక్క ఒక వంపు లేచి, కనుబొమ్మ దాకా వచ్చి వెనక్కి తిరిగేది. రాసుకునేటప్పుడు పెన్ను పట్టిన చేత్తోనే దాన్ని పైకి తోసేవారు. అది మళ్లీ పడేది. నేను పనిలో చేరిన పదిహేడో ఏడు ఆషాఢంలో ఆవిడకు జబ్బు చేసింది. మందు ఎక్కిస్తే జుట్టు రాలిపోతుందని డాక్టర్ చెప్పారు. ఆవిడ రాలేదాకా ఆగలేదు. శ్రీనగర్ కాలనీలో తన ఇంటి వరండాలో కూర్చుని నా చేత కత్తిరించుకున్నారు.

"దీంతోనే నాకు కట్టండి. ఈ వంపు పోకూడదు. నేను కొట్లో నా కుర్చీలో కూర్చుంటే నన్ను చూసి ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడకూడదు."

కట్టాల్సింది ఖాసిం భాయ్. మద్రాసు నుంచి ఆవిడతో వచ్చి మా యాస పట్టేసిన మనిషి, కొక్కెం సూదితో వెంట్రుక వెంట్రుకా వలకు ముడివేయడంలో ఆయనను మించినవారు లేరు. మా కార్ఖానాలో పద్ధతి ఒకటుంది. ముడి వేసే ముందు జుట్టునంతా తడిపి, వేడి పట్టకారుతో సాఫు చేస్తారు. ఆయన చేయి అలవాటుగా ఆ పని చేసేసింది. నేను వెళ్లేసరికి బల్ల మీద జుట్టు గీత గీసినట్టు నిటారుగా ఉంది.

"ఖాసిం భాయ్, వంపేది?"

ఆయన కిందికి చూశారు. "ముప్పై ఏండ్ల సంది ఏ జుట్టయినా గిట్లనే జేస్తున్న. చెయ్యికి ఏం దెలుసు అమ్మా, ఎవరిదో."

జుట్టును గుడ్డలో చుట్టుకుని ఆటోలో శ్రీనగర్ కాలనీకి వెళ్లాను. ఇంకోసారి కత్తిరించడానికి ఆవిడ తల మీద ఏమీ మిగల్లేదు. గుడ్డ విప్పి ముందు పెట్టాను. ఆవిడ వేలితో తాకి చూసి, "ఖాసిం ఏడ్చాడా?" అని అడిగారు.

"ఏడ్వలే. టీ తాగలే."

"అయితే బాగా భయపడ్డాడు. గిన్నెతో నీళ్లు పట్రా."

జుట్టును ముంచి తీసి, ఫ్యాన్ కింద పళ్లెంలో పెట్టించారు. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తడిజుట్టు మామూలు జుట్టులాగే పడి ఉంది. ఆవిడ గోడకు ఆనుకుని మెల్లగా చెప్పారు. "దండకూ దండకూ మధ్య రెండు రకాల పట్లున్నాయి. ఒకటి చిన్నది, నీళ్లు తగిలితే వదిలేస్తుంది. పట్టకారు మార్చింది దాన్నే. రెండోది గంధకం పట్టు. వెంట్రుక పుట్టినప్పుడు పడినది. మన కార్ఖానాలో మందు పెట్టి విప్పితే గుడ్డు కుళ్లిన వాసన వచ్చేది దాన్నుంచే. దానికి నీళ్లూ లెక్కలేదు, ఖాసిమూ లెక్కలేదు."

"లేవకపోతె?"

"లేవకపోతే నేను పాఠం తప్పు చెప్పినట్టు. ఇన్నేళ్లకు తెలుస్తుంది."

నవ్వుతూనే అన్నారు గానీ పళ్లెం మీంచి చూపు తీయలేదు. ముందు కొసలు కదిలాయి. తర్వాత నడుమ ఒక పాయ పళ్లెం నుంచి కొద్దిగా ఎత్తుకు లేచి, పక్కకు తిరిగింది. ఆవిడ చేయి దానంతటదే నుదుటి దగ్గరికి వెళ్లి, అక్కడేమీ లేక ఒడిలోకి వచ్చేసింది.

కార్తీకం నుంచి వైశాఖం దాకా ఆవిడ ఆ విగ్గుతో కొట్లో కూర్చున్నారు. బేరాలు ఆడారు, ఖాసిం భాయ్‌ని తిట్టారు, పెన్ను పట్టిన చేత్తో వంపును పైకి తోశారు. ఎవరూ గొంతు తగ్గించలేదు. ఆవిడ పోయాక కొట్టు రెండేళ్లు నడిపి నేను మూసేశాను. ఆవిడ చెల్లెలు ఆ విగ్గును నా చేతిలో పెట్టి, "మా ఇంట్లో దీన్ని కడగడం ఎవరికీ రాదమ్మా" అంది.

ఏటా ఆషాఢంలో ఒకసారి కడుగుతాను. మూలం నుంచి కొస దాకా చిక్కు లేకుండా దువ్వి, ఫ్యాన్ కింద పెట్టి ఎదురుగా కూర్చుంటాను. మా ఇంట్లో వాళ్లకు ఆ గంటలో నన్ను పిలవకూడదని తెలుసు. ముందు కొసలు కదులుతాయి. తర్వాత ఎడమ పక్క ఆ పాయ లేస్తుంది, కనుబొమ్మ దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. పాఠం తప్పు కాదు మేడమ్, అనుకుంటాను. వంపు ఏటా వస్తుంది. కనుబొమ్మ ఉండాల్సిన చోట నా వేలు పెడతాను.