అవ్వనే చూసే పాప

రెండు నెలల కింద గాంధీపురం పోయి పరువు పోగొట్టుకుని వచ్చాను. పోగొట్టింది మూడు నెలల పిల్ల. కాఫీ తాగుతా వినండి.

కినత్తుకడవులో మా ఇంటి హాల్లో నా పాత చీరతో ఉయ్యాల కట్టాను. పాపకి కుడి పక్కన నా కుర్చీ. పుట్టిన కొత్తలోనుంచీ మనవరాలు నా వైపే చూసేది. కోడలు కవిత ఎడమ పక్క నిలబడి చప్పట్లు కొట్టినా తిరిగేది కాదు. ఇంటికి ఎవరొచ్చినా, దీనికి అవ్వ మొహమే కావాలి అని చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

ఇంతలో ఇంకో చిక్కు. తల్లి దగ్గర ఎడమ పక్క పాలు బాగానే తాగేది. కుడి పక్కకి మార్చగానే నోరు జారిపోయి ఒకటే ఏడుపు. బరువు సరిగా పెరగడం లేదని నర్సు చెప్పింది. కవిత తిండి మీద మనసు పెట్టలేకపోయింది. ముగ్గురిని పెంచినదాన్ని, నాకు తెలియనిదా? పత్యం తప్పి ఆ పక్క పాలు చెడ్డాయని తేల్చేశాను. టెంకాయ బంద్, మామిడిపండు బంద్. చుట్టూ టెంకాయ తోటలు పెట్టుకుని ఆ పిల్ల మూడు వారాలు వెల్లుల్లి పులుసు, అన్నం తినింది. నోరెత్తలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి నా కొడుకు పట్టుబట్టి గాంధీపురంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. నేనే ముందు కూర్చుని పాల కథంతా చెప్పి, పనిలో పనిగా పాప నన్నే చూస్తుందని కూడా చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. పాప తల మెల్లిగా ఎడమకి తిప్పబోయింది. పాప కేరుమంది. మెడలో ఒక పక్క కండ బిగుసుకుని ఉందట. తల ఎడమకి తిరగదు. తల్లి కుడి పక్క తాగాలంటే తల ఎడమకే తిప్పాలి, అందుకే అక్కడ నోరు సరిగా పట్టదు.

"పాలలో ఏ తప్పూ లేదమ్మా," అని కవితతో చెప్పింది.

కవిత ఏడ్చేసింది. నేను సీలింగ్ ఫ్యాన్ చూస్తూ కూర్చున్నాను.

టెంకాయల బుట్ట చంకలో పెట్టుకున్నట్టు పాపను పట్టుకుని కుడి పక్క తాగించడం నేర్పించారు. పాప గుటకలు వేసింది. మెడకి ఎక్సర్‌సైజులు చూపించారు. నన్ను మాత్రం, పాప తల అటు తిప్పేలా, కుర్చీ ఎడమ పక్కకి మార్చుకోమన్నారు.

బస్సులో, "నన్ను నాలుగు తిట్టు తల్లీ," అన్నాను.

"తిట్లెందుకత్తా, ఇంటికి పోయి టెంకాయ చట్నీ చేసి పెట్టండి, చాలు," అంది కవిత.

రెండు నెలలు ఎడమ పక్క కూర్చుని పాడాను, గిలక్కాయ ఊపాను, కోడిలా కూశాను. ఇప్పుడు పాప రెండు పక్కలా తాగుతుంది, బరువు పెరిగింది. నా కుర్చీ మళ్ళీ కుడి పక్కకి వచ్చింది. పిలిస్తే పాప ఒక్క చూపు చూసి, నింపాదిగా మొహం ఎడమకి తిప్పేసుకుంటుంది.

ఇంతకంటే మంచి గుర్తు లేదట, డాక్టరమ్మ చెప్పింది.