నల్లకోటు, కిటికీ సీటు

లా చదివే రోజుల్లో, కోర్టులో పని నేర్చుకోవడానికి బేతంచెర్ల నుంచి ప్యాసింజర్ రైల్లో వెళ్లేవాణ్ణి. నా నల్లకోటు చూసి జనం టీసీ అనుకునేవారు. టికెట్ లేనివాళ్లు మెల్లగా పక్క పెట్టెలోకి జారుకునేవారు. నేనెందుకు కాదంటాను? ఖాళీ అయిన కిటికీ సీట్లో కూర్చుని, సాక్ష్యాల చట్టం పుస్తకంలో డిటెక్టివ్ నవల దాచుకుని చదివేవాణ్ణి. ఎవరైనా టికెట్ చాపితే గంభీరంగా చూసి తలూపేవాణ్ణి కూడా.

ఒకరోజు ఆలస్యమై టికెట్ కొనకుండానే ఎక్కాను. ఆరోజే అసలు టీసీ వచ్చాడు. నా ఎదుటి సీట్లోని ముసలావిడ టికెట్ అడిగాడు.

"నా టికెట్టు ఈ సారు ఇంతకుముందే చూసినాడప్పా," అందామె.

టీసీ నన్ను ఎగాదిగా చూశాడు.

"సరేలేమ్మా. మరి ఈ సారు టికెట్టు ఎవరు చూసినారంట?"