గొట్టంలో అమ్మమ్మ

ఆ అపార్ట్‌మెంటులో గుండీలమ్మ ఎవరో తెలియనివాళ్ళు లేరు. తెలిసి ఆమెతో మాట కలిపినవాళ్ళూ లేరు. టైలరు షాపులో గుండీలు కుట్టడం, కాజాలు తీయడం, అంచులు మడిచి కుట్టడం ఆమె పని. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఆమెను వదలకుండా అంటిపెట్టుకున్నది ముక్కుమీది కోపం ఒక్కటే. లిఫ్టులో ఆమె ఉందంటే మిగతావాళ్ళకు ఉన్నట్టుండి మెట్లెక్కాలనిపించేది. అయితే ఒక మాట చెప్పుకోవాలి, ఆ కోపం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పలకరించే దిక్కులేని ఇంట్లో ఉండీ ఉండీ, నోరు తెరిస్తే ముందు కసురే వచ్చేలా తయారైంది పాపం.

అలాంటి మనిషి బాత్రూం శ్లాబు కారడం మొదలుపెట్టింది. ముందు చిన్న చెమ్మ మరక. ఆ తర్వాత రంగు పొక్కింది, బూజు పట్టింది, పెచ్చులూడాయి. చివరికి పై ఇంటివాళ్ళు స్నానం చేస్తే ఈమె కూడా తడిసే దాకా వచ్చింది వ్యవహారం. గుండీలమ్మ ఊరుకుంటుందా! పైకెళ్ళి తలుపు కొట్టింది.

"మీ బాత్రూం నీళ్ళు నా నెత్తిన పడుతున్నాయండీ. కాస్త చూసి బాగుచేయించండి."

తలుపు తీసిన ఆ ఇంటాయన ఆఫీసుకు బయల్దేరే హడావిడిలో ఉన్నాడు. "పాత బిల్డింగు కదండీ, ఎక్కడో ఒకచోట కారుతుంది. మా టైల్స్ బాగానే ఉన్నాయి. మీ పైపే ఏదో పోయుంటుంది, చూసుకోండి," అన్నాడు.

"అయితే నా పైపులో నీళ్ళు మీ ఇంటికెక్కి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ దిగొస్తున్నాయంటారు. అంతేగా?"

అక్కడ మొదలైన మాటలు మెట్లన్నీ వినేలా పెరిగాయి. "ఇంకోసారి మీ గడప తొక్కితే నన్నడగండి," అని గుండీలమ్మ దిగొచ్చేసింది. అసోసియేషన్ సెక్రటరీకి మాత్రం వారం వారం నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతూనే ఉంది. ఆయనేమో "చూద్దాం, చూద్దాం" అంటూ తప్పించుకు తిరిగాడు.

ఈలోగా ఓ విచిత్రం జరిగింది. పై ఇంటి స్నానం నీళ్ళు పోయే గొట్టం శ్లాబులోంచి దిగే చోట సిమెంటంతా రాలిపోయి, అరచెయ్యి పట్టేంత సందు పడింది. ఆ సందులోంచి నీళ్ళతోపాటు మాటలు కూడా దిగడం మొదలైంది. ఒక పొద్దున పై ఇంటి పాప కళ్ళు మండుతున్నాయని గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్ళమ్మ వంటింట్లో ఉన్నట్టుంది, పలకడం లేదు. గుండీలమ్మ కాసేపు ఓర్చుకుంది. ఆపైన ఓర్చుకోలేక తల పైకెత్తి, "కళ్ళు నలపకే తల్లీ. గట్టిగా మూసుకుని నీళ్ళు పోసుకో, సబ్బు అదే పోతుంది," అంది.

ఏడుపు టక్కున ఆగింది. "ఎవరూ?"

గుండీలమ్మ నాలుక్కరుచుకుంది. కింద ఇంటి ఆమెనంటే ఆ పిల్ల హడలిపోతుంది. మెట్ల మీద తను ఎదురైతే వాళ్ళమ్మ వెనక దాక్కునే పిల్ల అది. "నేను... గొట్టంలో ఉండే అమ్మమ్మని," అనేసింది.

అంతే. మర్నాటి నుంచి వాళ్ళమ్మ బకెట్ నింపి అటు వెళ్ళడం, పాప నీళ్ళు పోయే జాలీ దగ్గర చతికిలపడటం, గుండీలమ్మ స్టూలెక్కి సందుకు చెవి ఆనించడం. కదులుతున్న పన్ను కబురు, బడిలో పెన్సిల్ లాక్కున్న పిల్ల కబురు, నాన్న గురక కబురు, అన్నీ వచ్చేవి. పాప చిన్న గొంతుతో, "గొట్టం అమ్మమ్మా, నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగిన రోజు గుండీలమ్మ స్టూలు మీదే నిలబడి ఏడ్చింది. ఆ మాట తనను అడిగినవాళ్ళు ఎన్నాళ్ళకు దొరికారని!

షాపులో కూడా మనిషి మారిపోయింది. గుండీలు కుడుతూ తనలో తను నవ్వుకుంటుంటే టైలరు కత్తెర పక్కన పెట్టి మరీ చూశాడు.

సరిగ్గా అప్పుడే సెక్రటరీకి బుద్ధి పుట్టింది. పై ఇంటాయనా ఒప్పుకున్నాడు. తాపీ మేస్త్రీ వచ్చి, గుండీలమ్మ బాత్రూంలో తలెత్తి చూసి పెదవి విరిచాడు. "చువ్వలు తుప్పు పట్టాయమ్మా. పైన టైల్స్ తీసి, గొట్టం మార్చి, ఈ సందు పూడ్చెయ్యాలి. రేపే మొదలెడతా."

"రేపా? రేపు కుదరదు. షాపులో పనుంది."

"పోనీ ఎల్లుండి?"

"నేనే కబురు చేస్తాలే."

సెక్రటరీ బిత్తరపోయాడు. "ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశారు కదమ్మా! ఇప్పుడేమైంది?"

ఏమైందో ఆయనకెలా చెబుతుంది? ఆ సందు పూడితే తనతో రోజూ మాట్లాడే ఒక్క గొంతూ పోతుందని, ఆ పిల్ల కబుర్లు వినకుండా తనకు తెల్లారదని నోరు విప్పి చెప్పలేదు కదా. మీనమేషాలు లెక్కపెడుతూ రోజులు గడిపింది. శ్లాబు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

ఒక పొద్దున పాప, ఊడిన పన్ను ఎక్కడ దాచిందో చెబుతోంది. స్టూలు మీదున్న గుండీలమ్మ భుజం మీద తడిసిన పెచ్చు ఒకటి విరిగి పడింది. స్టూలు జారి, మనిషి ధబ్బున నేల మీదికి కూలబడింది. పైనుంచి, "అమ్మమ్మా, ఏమైంది? అమ్మమ్మా!" అని పిలుపు. గుండీలమ్మ నొప్పికి పళ్ళు బిగబట్టి భుజం పట్టుకుంది.

కాసేపటికి తలుపు దబదబా మోగింది. గోడ పట్టుకుని వెళ్ళి తీస్తే పాప వాళ్ళమ్మ. వెనక తువ్వాలు చుట్టుకుని, నురగ కూడా కడుక్కోని పాప.

"ఏమనుకోకండి. గొట్టంలో అమ్మమ్మ పడిపోయిందని ఒకటే ఏడుపు. ఎంత చెప్పినా వినదే," అంటూ ఆమె గుండీలమ్మ జుట్టు నిండా ఉన్న సిమెంటు పొడి చూసి నిలబడిపోయింది. "అయ్యో, దెబ్బ తగిలిందా?"

పాప తొంగిచూసింది. "గొట్టం అమ్మమ్మవి నువ్వేనా?"

అవునంటే పోయేది కదా! కానీ ఎదురుగా ఉన్నది తను అంతలేసి మాటలన్న ఇంటి ఇల్లాలు. ఆమె బాత్రూంకు చెవి ఆనించి, ఇంట్లో కబుర్లన్నీ విన్నానని ఏ ముఖం పెట్టుకుని ఒప్పుకుంటుంది? సిగ్గు ముంచుకొచ్చింది. అలవాటైన కసురే నోట్లోంచి వచ్చింది.

"ఏ గొట్టం? ఏ అమ్మమ్మ? నాకేం తెలీదు."

పాప ముఖం చిన్నబోయింది, మళ్ళీ వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. గుండీలమ్మకు భుజం నొప్పి కంటే అదే ఎక్కువ బాధించింది.

మేస్త్రీ ఆ రోజే పని మొదలుపెట్టాడు. పైన టైల్స్ పగలగొట్టి, కొత్త గొట్టం వేసి, సందు పూడ్చి, కింద శ్లాబుకు కొత్తగా సిమెంటు పూశాడు. ఆరాక తెల్ల రంగు వేసి, "ఇంక ఒక్క చుక్క కారితే నన్నడుగమ్మా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు గుండీలమ్మ పొడి బాత్రూంలో నిలబడి చూసింది. మరక లేదు, చుక్క లేదు, చప్పుడు లేదు. స్టూలెక్కి తెల్లటి శ్లాబుకు చెవి ఆనించింది. ఎంతసేపు విన్నా ఏమీ వినిపించలేదు. ఆమె స్టూలు దిగి, ముఖం కడుక్కుని, మెట్లెక్కి, తొక్కనన్న గడప ముందు నిలబడి తలుపు కొట్టింది.

పాప వాళ్ళమ్మ తలుపు తీసి కంగారుపడింది. "మళ్ళీ కారుతోందాండీ?"

"లేదు. కారడం లేదు."

"మంచిదే కదండీ."

"మంచిదే," అంది గుండీలమ్మ. అక్కడే నిలబడిపోయింది. "నాకు ఏమీ తోచడం లేదమ్మా. ఆ రోజు అబద్ధమాడాను. పాపతో రోజూ మాట్లాడింది నేనే. ఒక్కసారి దాన్ని చూసి పోతాను."

ఆ ఇల్లాలు తలుపు బార్లా తెరిచింది. "పని మొదలైనప్పటి నుంచీ ఒంటిమీద నీళ్ళు పోయనివ్వడం లేదండీ. గొట్టంలో అమ్మమ్మను సిమెంటు పెట్టి మూసేశామట. లోపలికి రండి," అని తప్పుకుని దారిచ్చింది.

బాత్రూంలో పాప కొత్త జాలీ మీదికి వంగి ఉంది. "అమ్మమ్మా, ఊపిరాడుతోందా?" అని లోపలికి అడుగుతోంది. గుండీలమ్మ గుండె చెరువైంది. వెళ్ళి ఆ తడి నేల మీదే పక్కన కూర్చుంది.

"ఆడుతోందే తల్లీ," అంది, రోజూ పలికే గొంతుతో.

పాప జాలీని చూసింది, ఆమెను చూసింది. "మరి ఆ రోజు కాదన్నావెందుకు?"

"సిగ్గేసింది."

పాప సర్దుకుని కూర్చుని, నిండు మగ్గు ఆమె చేతికిచ్చింది. "నీళ్ళు పొయ్యి. నీ బట్టలన్నీ తడిసిపోతాయి మరి."

"తడవనీ," అంది గుండీలమ్మ.