మా అత్తయ్య కాలమూ, మా ఇంటి బీపీ మిషనూ

ప్రెషర్ అనేది ఆఫీసులోనూ కుక్కర్లోనూ తప్ప ఇంకెక్కడా ఉండదని చాలాకాలం నమ్మిన తెలివైనవాణ్ణి నేను. మొన్న శనివారం మా మేనత్త ఒంగోలు నుంచి మళ్ళీ విదేశంలో మేముండే బ్లాక్‌టౌన్ వచ్చి, సోఫాలో కుదురుకుని, "మా పక్కింటి పిల్ల పదిహేడేళ్ళకే నీళ్ళోసుకుందిరా. దానికంత గాభరా ఎందుకు? మా కాలంలో..." అనగానే ఆ తెలివి ఎంత ఖరీదైందో గుర్తొచ్చింది.

కొన్నేళ్ళ కిందట మా అన్నయ్య కూతురు మా ఇంట్లో ఉండి యూనివర్సిటీకి వెళ్ళేది. తోటి కుర్రాడితో రిజిస్టరు పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకే కడుపు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెకప్‌కి వెళితే ఆసుపత్రిలో మన తెలుగువాళ్ళు చూస్తారని మా భయం. ప్రతిసారీ "వచ్చే వారం చూద్దాం" అనేవాణ్ణి. పెండిల్ హిల్‌లో మనవాళ్ళ కొట్లో కరివేపాకు కొనేటప్పుడు కూడా పిల్లని కారు దిగనిచ్చేవాళ్ళం కాదు. పాదాలు పూరీల్లా పొంగాయి. అప్పుడూ మా ఇంట్లోనే ఉన్న అత్తయ్య ఉప్పునీళ్ళ బకెట్ పెట్టించి, "నేను పదిహేడేళ్ళకే కన్నాను, నాకేమైంది? కాళ్ళు వాస్తే మగపిల్లాడు" అని తేల్చేసింది. బకెట్ మోసింది నేనే. పిల్ల కాళ్ళు పెరిగినంతగా నా బుర్ర పెరగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పన్నం ముందు కూర్చుని, "బాబాయ్, హెడేక్ అస్సలు పోవట్లేదు. ఐ కాంట్ సీ ప్రాపర్లీ, నీ ఫేస్ సగమే కనిపిస్తోంది" అంది. మిగతా సగం చూడకపోయినా నష్టం లేదనబోయాను. ఆమె చెంచా పళ్ళెంలోకి కాక బల్లమీదికి వెళుతోంది. జోకు మానేసి కారు తాళాలు అందుకున్నాను.

ఆసుపత్రిలో బీపీ చూసిన మిడ్‌వైఫ్ ముఖంలో నవ్వు మాయమైంది. ఇంత చిన్న వయసులో మొదటి కాన్పుకి ఈ ముప్పు ఎక్కువనీ, ఫిట్స్ వస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చనీ చెప్పి, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగింది. మావాళ్ళు చూస్తారని రాలేదన్న మాటకి నాకు ఇంగ్లీషు దొరకలేదు. నెలలు నిండకుండానే ఆపరేషన్ చేశారు. గాజుపెట్టెలో, ట్యూబుల మధ్య, నా అరచేతికంటే కాస్త పెద్ద బిడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోయేవి. అవి మళ్ళీ లేచేదాకా నా ఊపిరి ఆగేది. అవతలి వార్డులో తల్లికి బీపీ దిగడం లేదు.

అద్దంలోంచి చూస్తూ అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నా మొదటివాడూ ఇంతే ఉండేవాడురా."

నాకు తెలిసి ఆవిడ పెద్దకొడుకు ఆరడుగుల మా బావ. "బావా?" అన్నాను.

"వాడు కాదు. వాడికి ముందు."

తల్లీబిడ్డా గట్టెక్కారు. మగపిల్లాడన్నది కూడా తప్పే. ఆ మనవరాలు మొన్న శనివారం మా హాల్లో "నో వే, తాతా!" అంటూ పరుగులు పెడుతోంది. అత్తయ్య "మా కాలంలో..." అని మళ్ళీ అందుకుంది. నేను బీపీ మిషను తెచ్చి ఆవిడ జబ్బకి పట్టీ చుట్టాను. "మాట్లాడితే లెక్క తప్పుతుంది అత్తయ్యా, నోరు మెదపకు."

ఆవిడ గుడ్లురిమింది. మిషను గుయ్‌మన్నంతసేపూ ఆవిడ కాలం నోరు మూసుకుంది. నేను మాత్రం ఆ మొదటివాడు బతికుంటే ఈపాటికి జుట్టు నెరిసి ఉండేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.