అన్న అంబాసిడర్‌కు బ్రేకులు

పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక మా అన్న బయటికి రావడం మానేశాడు. బొత్తిగా కదల్లేక కాదు. కర్ర పట్టుకుని, వదిన ఆసరాతో వాకిలి దాకా వచ్చేవాడు. అక్కడితో సరి. ఆటో పిలుస్తానంటే మండిపడేవాడు.

"ఇన్నేండ్లు కిరాయికి నడిపినోణ్ణి. ఇప్పుడు కిరాయిచ్చి ఎన్క సీట్ల కూసోవాల్నా? నా బండి నడిస్తె వస్త. లేకుంటె గీడనే ఉంట."

ఆయన బండి అంటే వాకిట్లో రేకుల కింద ఉన్న పాత అంబాసిడర్. జగదేవ్‌పూర్‌లో పెళ్లయినా, ధూళిమిట్ట ఆడపడుచుకు నొప్పులొచ్చి సిద్దిపేట దవాఖానకు తేవాలన్నా ఒకప్పుడు అదే బండి. ఇంజను ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. లేనివి బ్రేకులే. పెడల్ తొక్కితే నేలదాకా పోతుంది, బండి మాత్రం తన దారిన తాను పోతుంది. బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ లోపలంతా తుప్పు తినేసింది.

దసరాకు బండి తీస్తానని అన్నకు మాటిచ్చాను. ఆ సాయంత్రం ఊరి బయటికి పోయి పాలపిట్టను చూడకపోతే మాకు పండుగ చేసినట్టే ఉండదు. ప్రతి ఏడూ మమ్మల్నందరినీ కుక్కుకుని అన్నే తీసుకుపోయేవాడు. ఈసారి నేను నడపాలి, ఆయన పక్కన కూర్చోవాలి. ఒక్కసారి బయటికొస్తే మళ్లీ మనిషవుతాడని నా ఆశ. రాకపోతే ఆ మంచంలోనే ముగిసిపోతాడని నా భయం. అప్పటికే రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేస్తున్నాడు.

ఆ సిలిండర్ కోసం కాళ్లరిగేలా తిరిగాను. సిద్దిపేట దుకాణాల్లో బండి మోడల్ చెప్పగానే నవ్వారు. "అన్నా, గా బండికి సామాన్ దొరకది. దండేసి దండం వెట్టు," అన్నాడొకడు. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. పట్నంలో పాత సామాన్ల గల్లీలు గాలించాను. తర్వాత వచ్చిన అంబాసిడర్లవి ఉన్నాయి గానీ, మాది మరీ ముసలిది, దానికి పట్టలేదు. జీపు సిలిండర్ తెచ్చి, ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి బిగించాను. బ్రేకు పడింది. పడ్డది మళ్లీ వదల్లేదు. ఆ రోజు బండి కిందే పడుకుని ఏడ్చాను.

చివరికి కరీంనగర్‌లో, మూసేయబోతున్న ఒక దుకాణంలో, ఏదో పాత వ్యానువి, సిలిండర్ లోపల ఆయిల్ కారకుండా పట్టే రబ్బరు వాషర్లు ఒక్క సెట్టు దొరికింది. లేత్ పనివాడు వాటిని, మా పాత సిలిండర్‌ను పక్కపక్కన పెట్టి చూశాడు.

"గీ వాషర్ల కొలతకు లోపట ఇత్తడి గొట్టం దించుత. గని ఒక్కటే పారి. మల్లొక్కపారి తొలుద్దమంటె ఇండ్ల ఇనుము లేదు."

దించాడు. వాషర్ పెట్టి చూస్తే అచ్చంగా దానికోసమే పుట్టినట్టు కూర్చుంది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటికొచ్చి వాషర్ల పొట్లం అన్న చేతిలో పెట్టాను. "రేపు బిగిద్దాం అన్నా," అన్నాను.

పొద్దున లేచేసరికి అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందు స్టీలు గిన్నె. ఎన్నాళ్లకో మొహంలో కళ.

"పాత సరుకు గద తమ్మీ, మట్టి వట్టింది. వదినతోని పెట్రోల్ తెప్పిచ్చి రాత్రంత నానవెట్టిన. ఇగ బిగియ్యి."

గిన్నెలో వాషర్లు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. డ్రైవర్లు ఏ సామాను విప్పినా ముందు పెట్రోల్లో కడుగుతారు, ఇనుముకు అది మంచిదే. బ్రేకు రబ్బరు దగ్గరికి మాత్రం పెట్రోలును రానివ్వకూడదని నాకు నేర్పింది ఈ అన్నే. ఆ సంగతి ఆయన తలలోంచి పోయిందని అప్పుడు అర్థమైంది. వాషర్లు పోయినందుకంటే నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

ఎండబెట్టాను. బిగించి చూశాను. ఒకటి లోపలికే పోలేదు, ఒకటి చిరిగింది. చేతికందింది నోటికందలేదు.

"కొలత తప్పిందన్నా. లేత్ ఆయన తప్పు చేసిండు," అని అబద్ధమాడాను.

అన్న చిరిగిన వాషర్‌ను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"నేనే ఖరాబ్ చేసిన. రబ్బర్ను పెట్రోల్ల ఏసేటోడు డ్రైవరేంది? అమ్మెయ్ తమ్మీ."

దసరా అట్లాగే పోయింది. ఆయన్ను వదిలి పాలపిట్టను చూడ్డానికి మేమెవరం పోలేదు. పండుగ వెళ్లాక తుక్కు కొనేవాళ్లు వచ్చారు. తాను చూస్తానంటే అన్నను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టాం. మా వాకిలి దాటితే గల్లీ అంతా పల్లం. ఒకడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, ఇద్దరు వెనక నుంచి నెట్టారు, ఇంకొకడు ముందు నడుస్తూ ఫోన్లో మాట్లాడుతున్నాడు. బండి జోరందుకుంది.

"ముంగట కెల్లి తప్పుకోన్రి! బిరేకుల్లేవు! గేర్ల ఎయ్యున్రి, గేర్ల!"

పక్షవాతం వచ్చాక అన్నకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. ముందున్నవాడు గోడకు ఒదిగాడు. స్టీరింగు దగ్గరివాడు గేరు వేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి గల్లీ మలుపులో ఆగింది.

నేను అన్న వైపు తిరిగాను. ఆయన కుడికాలు అరుగు బండను బలమంతా పెట్టి తొక్కుతోంది. "ఆగింది అన్నా," అన్నాను. కాలు తీయలేదు.