వహీద్ సాబ్ చెప్పిన ఆబ్

కమ్మరి రాజమల్లు, తిత్తి ఊదే అతని భార్య లచ్చవ్వ, నేను. దాగలి, సుత్తె, పట్టకారు, మూలన నీళ్ల తొట్టి. మొన్న బాన్సువాడలో మా సర్వే పార్టీకి కొడవళ్లు చేయిస్తున్నప్పుడు కొలిమి దగ్గర ఉన్నది ఇంతే. ఎర్రగా కాలిన ఇనుము నీళ్లలో మునిగి చుయ్‌మంది. ఆ ఆవిరి వాసనకు వహీద్ సాబ్ గుర్తొచ్చారు.

ఆయన నా మొదటి అధికారి. పందొమ్మిది వందల ముప్పైల చివర సర్వే చదువు ముగించి ఆయన కింద చేరాను. లెక్కలు ఉర్దూలో చెప్పేవారు, తిట్లు తెలుగులో తిట్టేవారు. అడవికి వెళ్లే పార్టీకి ఆయన పెట్టిన నియమం ఒకటే. ఎవరి కత్తి వారు చేయించుకోవాలి. అది పనికిరాకపోతే ఆ మనిషి ఆఫీసులో కూర్చొని పటాలకు నకళ్లు తీయాలి. "కత్తి అడుక్కునేటోడు ఇద్దరి పని ఆపుతడు" అనేవారు. బడిలో కాగితం మీద గీతలు చాలా గీశాను. అడవిలో, నేల మీద గీత లాగడం నేర్చుకోకపోతే నా చదువు సగమే.

అందుకని కత్తికి కూడా స్కేలు పెట్టి బొమ్మ గీశాను. జానెడు అలుగు, పైకి తిరిగిన మొన, వెన్ను మీద రంపపు పళ్లు, పిడికి ఇత్తడి పూలు. వహీద్ సాబ్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"సోకుగుంది. పెండ్లికొడుకు నడుముకు కట్టనీకా?"

"లేదు సాబ్, అడవికే."

"దీంతోని ఏమేం చేస్తవు?"

"హద్దులకు కొయ్య మేకులు చెక్కుత. చూపుకు అడ్డమొచ్చిన కొమ్మలు కొడుత. పొయ్యిలకు పుల్లలు చీలుస్త. ఉల్లిగడ్డ కోస్త."

"మరి గా పండ్లెందుకు? ఉల్లిగడ్డను భయపెట్టనీకా?"

పళ్లు కొట్టేశారు. తిరిగిన మొనను సాపు చేశారు. ఇత్తడి పూలు కూడా పోతాయనుకున్నాను. వాటిని అరచేయి ఆనని చోటికి జరిపి ఊరుకున్నారు. "చూడబుద్ధి గాని కత్తికి సాన పట్టబుద్ధి గాదు. ఇగ ఒక్కటే మాట. ఏది పోయినా పోనీ, ఆబ్ మాత్రం మంచిగుండాలె."

ఉర్దూలో ఆబ్ అంటే నీళ్లు. తళుకును కూడా ఆబ్ అనే అంటారు. ముత్యానికి ఆబ్ ఉందంటే అది మెరుస్తుందని అర్థం. నేను చదువుకున్న ఉర్దూలో ఎక్కువగా ముత్యాలే ఉండేవి. అప్పుడూ మా కమ్మరి ఈ రాజమల్లే. అందుకే అతనికి "మెరుపు అద్దం లెక్క ఉండాలె" అని తెలుగులో చెప్పాను. అతను తిరుగుడు సాన మీద చాలాసేపు పట్టాడు. ఆ వేడికి అలుగు గట్టిదనం దిగిపోయింది.

"అద్దమంటివి, అద్దమే చేసిన పటేలా. ఇగ మీసాలు దిద్దుకో" అన్నాడు.

బయలుదేరే పొద్దున బండ్లు కట్టి ఉన్నాయి. వహీద్ సాబ్ నా కత్తి తీసుకొని ఎండిన తుమ్మకొమ్మ మీద వేశారు. కొమ్మ తెగలేదు. కత్తి అంచు ఆకులా మడత పడింది.

"ఆబ్ ఏది?"

"మెరుస్తున్నది గద సాబ్."

ఆయన కత్తిలో తన ముఖం చూసుకున్నారు. గడ్డం నిమురుకున్నారు. "అరె, నేను చెప్పింది నీళ్ల ఆబ్. కాల్చి నీళ్లల్ల ముంచితె ఇనుముకొచ్చే గట్టిదనం."

"మెరుపు గూడ ఆబే గద సాబ్."

"ఔ. రెండర్థాల మాట చెప్పింది నేను. తప్పు నాది."

తప్పు ఆయనదే అయినా, నా చేతిలో పనికొచ్చే కత్తి లేదు. నకళ్ల మాట ఎత్తుతారని నిలబడ్డాను. ఆయన ఎడ్లను విప్పమని చెప్పి, నన్ను వెంటబెట్టుకొని కొలిమికి వచ్చి బండ మీద కూర్చున్నారు. రాజమల్లు పిడి ఊడదీసి, మడత సరిచేసి, అలుగును కాల్చి నీళ్లు పట్టించాడు. పెళుసు పోవడానికి సన్నని సెగ చూపాడు. అద్దం నల్లబడింది. పిడి మళ్లీ బిగించాక వహీద్ సాబ్ కత్తి తాను తీసుకోలేదు, కొమ్మ నా ముందుకు తోశారు. రెండో దెబ్బకు తెగింది.

ఆ తర్వాత ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఎవరికి ఏ పని చెప్పినా, "ఏమర్థమైంది, నీ మాటల్ల చెప్పు" అని అడుగుతాను. కొలత గొలుసు పట్టేవాళ్లకు ఇది విసుగు. "చెట్టు కొట్టుమంటె చెట్టు కొట్టుడే గద సాబ్" అంటారు. ఏ చెట్టో చెప్పేదాకా వదలను.

ఆ రోజు నియమం చూపించి నన్ను వదిలి వెళ్లడం ఆయనకు తేలిక. బండ్లు ఎండ చల్లబడ్డాక కదిలాయి. వెళ్లాల్సింది ఆరుగురు. ఆరుగురం వెళ్లాం.