పెదవుల మీద మాట

లాహోరులో ముల్తాన్ రోడ్డు స్టూడియోల్లో మున్షీ రియాసత్ అలీ పని నటులకు మాటలు చెప్పడం. చదువు రాని నటులు అప్పట్లో చాలామందే. కాగితం ఆయన చేతిలో ఉండేది. ఒక్కో వాక్యం మూడుసార్లు చదివితే వాళ్లు చెవితో పట్టుకునేవారు. మూడోసారి ఆయన నోట ఏది వస్తే తెర మీద అదే పలికేది. ఇరవై ఆరేళ్లలో కాగితంలో లేని మాట ఆయన నోట రాలేదు.

ఇంట్లో మాత్రం గొంతుతో పని ఉండేది కాదు. పురిటి జ్వరంలో భార్య సకీనాకు వినికిడి పోయింది. ఆమె కోసం ఆయనా, కూతురు తస్నీమూ చప్పుడు లేకుండా పెదవులు కదిపి మాట్లాడేవారు. సకీనా పోయిన మరుసటేడు తస్నీమ్ మొఘల్‌పురా రైల్వే వర్క్‌షాపు ఫిట్టరును, తండ్రి వద్దన్నా వినకుండా పెళ్లాడింది. ఇక ఆమె గడప తొక్కనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్లయింది. తండ్రి పేరు పడే ప్రతి సినిమా ఆమె చూస్తుందని ఒకసారి పాలవాడు చెప్పాడు. విననట్టే ఊరుకున్నాడు గాని ఆ మాట లోపలే ఉండిపోయింది.

ఆ శీతాకాలం దర్శకుడు హమ్దానీ సాబ్ ఒక పాత ఇంగ్లీషు నవలను ఉర్దూలో తీస్తున్నాడు. కూతురు ఇల్లు విడిచి వెళ్తుంది. తండ్రి ఆమెను క్షమించకుండానే కన్నుమూస్తాడు. తండ్రి వేషం చదువు రాని ముసలి నటుడు దారాబ్ ఖాన్‌ది.

చావు సన్నివేశం రోజున మంచం పక్క కూర్చుని మున్షీ రెండుసార్లు చదివాడు. మూడోసారి గొంతు తడబడింది.

"నీళ్లు తాగండి మున్షీజీ," అన్నాడు దారాబ్ ఖాన్ దుప్పటి కప్పుకుంటూ. "చచ్చేది నేను, మీరు కాదు."

మున్షీ చివరిదాకా చదివి, ఆగకుండా ఇంకో వాక్యం కలిపాడు: "తలుపు గడియ వేయలేదని అమ్మాయితో చెప్పండి."

కెమెరా తిరిగింది. దారాబ్ ఖాన్ అక్షరం పొల్లుపోకుండా అదీ పలికి కళ్లు మూశాడు.

"ఆ చివరి మాట ఏ కాగితంలో ఉంది?" అని అడిగాడు హమ్దానీ.

"కాగితంలో లేదు సాబ్. నేనే చెప్పాను."

"ఆ తండ్రి మనసు కరగదు, అదే కథంతా. నవల రాసినాయన మీకు చుట్టమా, కలలోకొచ్చి చెప్పాడా?"

మళ్లీ తీద్దామంటే ఆ నెలకు సర్కారు కోటాగా ఇచ్చిన ఫిల్ము అయిపోయింది. "సరే, పోనీండి," అన్నాడు హమ్దానీ విసుగ్గా. మాట నిలిచిందనుకున్నాడు మున్షీ. ఒట్టూ చెడదు, చెప్పాల్సినదీ తస్నీమ్‌కు చేరుతుంది.

సినిమా విడుదలైన శుక్రవారం నమాజు కాగానే మధ్యాహ్నం ఆటకు వెళ్లాడు. తెర మీద దారాబ్ ఖాన్ మంచం మీద ఉన్నాడు. చివరి మాట దగ్గర గొంతు లేదు, హమ్దానీ తీసేయించాడు. సారంగి మోగుతోంది. దాని వెనక పెదవులు మాత్రం కదిలాయి. ఆడవాళ్ల వైపు నుంచి వెక్కిళ్లు వినిపించాయి. ఆ తండ్రి రాయిలా పోయాడని ఏడుస్తున్నారు. ఇరవై ఆరేళ్లు తాను చదివిన మాటలను ఇతరుల నోట వినడం మున్షీకి అలవాటు. ఈ ఒక్కటీ ఇంకొకరి చేత చెప్పించాలనుకోవడం ఎంత పిరికితనమో అప్పుడు తెలిసింది. ఆట పూర్తి కాకుండానే లేచి, టాంగా ఎక్కి మొఘల్‌పురా అన్నాడు.

తలుపు తీసింది తస్నీమ్. చేతులకు పిండి అంటి ఉంది. ఆయన నోరు తెరిచాడు. అందరికీ మాటలు అందించిన గొంతు పెగల్లేదు. గడప అవతలే నిలబడి, సకీనాతో మాట్లాడినట్టు, ఆ చివరి మాటే పెదవులతో పలికాడు.

ఆమె ఆ పెదవుల వంకే చూసింది. అలాగే, చప్పుడు లేకుండా, బదులిచ్చింది: చలిగా ఉంది అబ్బాజాన్, లోపలికి రండి.

ఆయన చెప్పులు విడిచాడు.